నాలుగు వందల పన్నెండు బెజ్జాలు

నారిన్ లోయ, ఫిబ్రవరి 18

బెగాయిమ్,

క్షేమ సమాచారాలు చివర. ముందు అసలు విషయం.

నువ్వు పంపిన డ్రిల్లు ఈ ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు అందింది. మినీబస్సు డ్రైవరు తుర్దుబెక్ దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. "టీచరమ్మా, ఏముంది ఇందులో? బిష్కెక్ నుంచి కోడిపెట్టలా పొదుగుతూ వచ్చాను" అన్నాడు. పిండి కలిపే యంత్రమని చెప్పాను. డెబ్బై రెండేళ్లలో నేనాడిన అబద్ధాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దీన్ని నీ పద్దులో రాశాను.

నీకు తెలిసినదే అయినా వరుస తప్పకుండా రాస్తాను. కిందటి అక్టోబరులో మీ నాన్న, మనం వేసవిలో కొండ మీద వేసుకునే ఉన్నిగుడారం విప్పి చూసి, బద్దల గోడల్లో నలభై మూడు బద్దలు విరిగాయని తేల్చాడు. "అమ్మా, దీన్ని బాగుచేసేవాడు పోయి ఆరేళ్లయింది. సరస్సు దగ్గర పర్యాటకుల విడిది నడిపే ఎసెన్ కొంటానంటున్నాడు. నువ్వింక కొండెక్కడం మాని హాయిగా కింద ఇంట్లో ఉండు" అన్నాడు. కింద ఇంట్లో! నిన్ను పెంచిన ఏళ్లలో కూడా, నువ్వు ఉయ్యాలలో ఉండగా సైతం, నేను ఒక్క వేసవి కింద గడపలేదు. అందుకే వాడితో చెప్పాను: గొర్రెల ఈతలు ముగించుకుని ఏప్రిల్ ఇరవై అయిదున నువ్వు శీతకాలపు కొట్టాల నుంచి దిగుతావు. ఆ రోజుకు గోడ నిలబడి ఉంటే అందరం పచ్చికకు పోదాం, లేకపోతే అమ్ముకో. నవ్వి, చేతిలో చెయ్యి వేశాడు. వాడు నవ్విన తీరు నాకు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు లెక్క. పక్క వీధి ముసలి వడ్రంగి నలభై మూడు విల్లో కర్ర బద్దలు వంచి, ఆరబెట్టి ఇచ్చాడు. చేతులు వణుకుతున్నాయి కనుక బెజ్జాలు వేయలేనన్నాడు. బద్ద బద్దకూ పొడవును బట్టి బెజ్జాలు మారతాయి. మొత్తం నాలుగు వందల పన్నెండు. ఒక్కో బెజ్జంలో తోలు పట్టీ దూర్చి ముడి వేయాలి. మీ తాత తాడు బరమాతో ఒక బెజ్జానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది, తర్వాత అరగంట భుజం పట్టింది. ఈ రోజు నీ డ్రిల్లుతో పదకొండు సెకన్లు. గడియారం పెట్టుకుని చూశాను. పదకొండు!

నా తోటికోడలు బతీష్ గుమ్మంలో నిలబడి చూసి, "అక్కా, ఈ వయసులో నీకు తుపాకీ ఎవరిచ్చారే?" అంది. దాని చేతికిచ్చి మీట నొక్కమన్నాను. నొక్కి, కెవ్వుమని అరిచి, మళ్లీ నొక్కింది. తర్వాత తిరిగి ఇవ్వనంది.

పెట్టెలో ఉన్న పుస్తకం చైనా భాషలో ఉంది. బొమ్మల్లోని మనిషికి ముఖం లేదు, ఏది చేయమంటున్నాడో ఏది వద్దంటున్నాడో తెలియదు. నువ్వు పనిముట్ల కొట్లో ఏడాదిగా పనిచేస్తున్నావు. వాడవలసిన పద్ధతి వివరంగా రాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ నాన్న పట్టుకెళ్లాడు. బతీష్ ఫోనులో మాట్లాడితే ఊరికి చాటింపు వేసినట్టే. మీ నాన్నకు తెలియకూడదు.

నేను క్షేమం. ఆవు క్షేమం. చలి సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు కింద.

మీ నాయనమ్మ
ఉమ్సునాయ్

బిష్కెక్, ఫిబ్రవరి 23

నాయనమ్మా!

పదకొండు సెకన్లా! నీ ఉత్తరం కొట్లో గట్టిగా చదివాను. మా యజమాని టీ గిన్నె కింద పెట్టి, "ఆవిడకు ఉద్యోగం కావాలేమో అడుగు" అన్నాడు. ఒప్పుకోకు, నా ఉద్యోగం పోతుంది.

ఇక పద్ధతి. కొట్లో రోజూ ఎంతోమందికి చెప్తాను, సగంమంది వినరు. నువ్వు వింటావు, నాకు తెలుసు.

తిరిగేదాని ముందు వేలాడేది ఏదీ ఉండకూడదు. నీ తలగుడ్డ ముందుకు జారుతుంది చూడు, అది తీసెయ్. జడ లోపలికి దోపుకో, చేతులు మోచేతి దాకా మడుచుకో. చేతికి తొడుగులు వద్దు, డ్రిల్లు ముందు తిరిగే బిట్టు వాటిని పట్టుకుందంటే వేళ్లతో సహా చుట్టేస్తుంది. పంపిన కళ్లద్దాలు పెట్టుకో. నీవి చత్వారానికి, ఇవి పొట్టు ఎగిరి కంట్లో పడకుండా. చత్వారపు అద్దాల మీదే పెట్టుకోవచ్చు. బద్దను చేత్తో పట్టుకోకు, బల్లకు క్లాంపుతో బిగించు. కింద ఒక పాత చెక్క పెట్టావంటే బెజ్జం అవతలి వైపు పేళ్లు లేవవు. బిట్టు మార్చేటప్పుడల్లా బాటరీ ఊడదీయాలి. "మీట నొక్కనుగా" అంటారు అందరూ. మొన్న ఒకాయన అలాగే అని, బొటనవేలికి కట్టుతో వచ్చాడు.

ఇంకొకటి. బాటరీకి చలి పడదు. కొట్టంలో వదిలెయ్యకు, ఇంట్లోకి తెచ్చి, వెచ్చబడ్డాకే చార్జింగు పెట్టు.

తుర్దుబెక్ హారన్ కొడుతున్నాడు, ఇప్పటికిది చాలు. మిగతాది మళ్లీ. నాన్నతో అననులే. అన్నీ అయ్యాక గోడ నిలబడ్డప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో మాత్రం నాకు ఒక్క మాట వదలకుండా రాయాలి.

నీ
బెగాయిమ్

నారిన్ లోయ, మార్చి 2

బెగాయిమ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో.

తలగుడ్డ తీసేయమని రాశావు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఫిజిక్సు చెప్పాను. ప్రయోగశాలలో గాలి గొట్టం పేలినప్పుడు కూడా నా తలగుడ్డ కదలలేదు. మీ తాత పోయిన నాటి నుంచి పాలకు వచ్చేవాడి ముందుకు కూడా వట్టి తలతో వెళ్లలేదు. నువ్వు రెండేళ్లు బిష్కెక్‌లో ఉన్నంత మాత్రాన "తీసెయ్" అంటావు, గాజుసీసా మూత తీసినట్టు. మూడు రోజులు డ్రిల్లు ముట్టుకోలేదు. ఆ మూడు రోజులూ లెక్కలో నష్టమే.

నాలుగో రోజు బతీష్ వచ్చింది. సంగతి విని, "దీనికింత ఏడుపెందుకక్కా? పండగ తలపాగా చుట్టుకో. దానికి వేలాడేదేముంది?" అంది. అయిదు మీటర్ల తెల్లగుడ్డ! చివర దోపామంటే గుర్రం దౌడుతీసినా ఊడదు. నీ పుస్తకంలోని ముఖం లేని మనిషికి కూడా ఇది తట్టి ఉండదు. ఇప్పుడు నేను రోజూ పెళ్లికి వెళ్తున్నదానిలా ముస్తాబై కొట్టంలోకి వెళ్తున్నాను. మీద నీ కళ్లద్దాలు. పాలు పోయించుకోవడానికి వచ్చిన పిల్ల నన్ను చూసి గిన్నె వదిలేసి పారిపోయింది.

మిగతావన్నీ అక్షరం తప్పకుండా పాటిస్తున్నాను. క్లాంపు బిగిస్తున్నాను. కింద చెక్క పెట్టకుండా ఒక బెజ్జం వేసి చూశాను, పరీక్ష కోసం. పేడు లేచింది. నీ మాట నిజం.

బాటరీ విషయంలో నీకంటే జాగ్రత్తగా ఉన్నాను. చలి పడదన్నావు కదా. కొట్టం నుంచి తెచ్చి, ఉన్ని గుడ్డలో చుట్టి, గదిలో ముఖ్యస్థానంలో, బొంతల దొంతర మీద పెట్టి అక్కడే చార్జింగు ఇస్తున్నాను. పైన ఇంకొక దుప్పటి కప్పుతాను. ఇంట్లో అంతకంటే వెచ్చని చోటు లేదు, అంతకంటే గౌరవమైన చోటూ లేదు. "పురిటి బిడ్డలా చూస్తున్నావు, నలభై రోజులు దాటేదాకా ఎవరి కంటా పడనివ్వకు" అని బతీష్ ఎగతాళి. రాత్రి పెట్టి పొద్దున తీస్తాను. ఒకసారి మాత్రం బల్ల మీంచి జారి గడపరాయి మీద పడింది. ఒక మూల చిట్లింది. అంటుపట్టీ చుట్టాను, యథాప్రకారం పనిచేస్తోంది.

ఇప్పటికి తొంభై ఆరు బెజ్జాలు. ఒక్కటీ వంకర లేదు. నిన్న ఒక బద్ద పూర్తిచేసి దీపానికి ఎదురుగా పట్టి చూశాను. పదకొండు బెజ్జాల్లోంచి పదకొండు వెలుతురు చుక్కలు. బెగాయిమ్, నేను మొదటి జీతం అందుకున్న రోజున కూడా ఇంత పొంగిపోలేదు.

ఎనిమిదిన ఆడవాళ్ల పండగకు తొమ్మిదిమందిని పిలిచాను.

మీ నాయనమ్మ

బిష్కెక్, మార్చి 7

నాయనమ్మా,

ఇది చదవగానే మొదట బాటరీ తీసెయ్. తర్వాత మిగతాది చదువు.

దొంతర మీద పెట్టొద్దు. దేనిలోనూ చుట్టొద్దు, పైన ఏదీ కప్పొద్దు. చార్జింగులో అది తనంతట తనే వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోవాలి. రాతి నేల మీదో ఇనుప పళ్లెంలోనో, చుట్టూ ఖాళీగా ఉంచాలి. మనిషి మేలుకుని పక్కన ఉన్నప్పుడే పెట్టాలి, నిండగానే తీసెయ్యాలి. నేను రాసిన వెచ్చదనం గది వెచ్చదనం, అంతే! బొంతల వెచ్చదనం కాదు. వెచ్చగా అని రాసి ఊరుకున్నాను. తుర్దుబెక్ హారన్ కొడుతున్నాడని.

అన్నిటికంటే ముఖ్యం: కింద పడి చిట్లిన బాటరీని ఇక చార్జింగు పెట్టనే కూడదు. పట్టీ వేసినా సరే. బాగానే పనిచేస్తున్నా సరే. పెరట్లో ఎవరికీ అందని చోట, ఇనుప బాల్చీలో ఇసుక పోసి దాని మీద ఉంచు. నేను కొత్తది పంపుతాను.

నీ ఉత్తరం పొద్దున అందింది. బతీష్ చిన్న నాయనమ్మకు పన్నెండుసార్లు ఫోను చేశాను. మంచుకు టవరు ఒరిగిందట, ఎవరికీ అందడం లేదు. మన లోయకు వచ్చే దారిలో దోలోన్ కనుమ మూసేశారు. తుర్దుబెక్ ఈ ఉత్తరం పట్టుకెళ్లి, కనుమ తెరిచేదాకా కిందే కాచుకుంటానన్నాడు. నాకు ఏమీ తోచడం లేదు నాయనమ్మా.

బెగాయిమ్

నారిన్ లోయ, మార్చి 9

బెగాయిమ్,

జరిగినది జరిగినట్టు రాస్తాను.

నిన్న పండగ. మధ్యాహ్నం రెండింటికి తొమ్మిదిమంది అతిథులూ బల్ల చుట్టూ కూర్చున్నారు. సాయంత్రం అందరి ముందూ ఒక బెజ్జం వేసి చూపాలని, బాటరీ దొంతర మీద చార్జింగు పెట్టాను. అవును, గొప్ప చూపించుకోవాలని. రెండు గంటల నలభై నిమిషాలకు వార్నిష్ వాసన లాంటిది తియ్యగా వచ్చింది. బతీష్, "అక్కా, బూరెలు మాడుతున్నాయేమో" అంది. నేను దొంతర వైపు చూశాను. పై దుప్పటి మధ్యలో గోధుమరంగు చుక్క. చూస్తుండగానే అరచేయంత అయింది. తర్వాత బుస్సుమని చప్పుడు, తెల్లటి పొగ.

ప్లగ్గు పీకాను. అందరినీ బయటికి పొమ్మని తరగతి గదిలో అరిచినట్టు అరిచాను. పొయ్యి పట్టకారుతో ఆ ఉన్ని మూటను పట్టుకుని గుమ్మం దాటి మంచులోకి విసిరాను. మంచులో పడినా అది ఆగలేదు. మూడుసార్లు పేలి మండింది. గాలికి ఎదురుదిక్కున అందరినీ నిలబెట్టి, దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. లోపల బతీష్ బకెట్టు తర్వాత బకెట్టు నీళ్లు కొట్టి దొంతర ఆర్పింది. తనే లేకపోతే ఇల్లు దక్కేది కాదు.

నష్టం: పై మూడు బొంతలు, అందులో ఒకటి మా అత్తగారు కుట్టినది. నా ఎడమ కనుబొమ్మ. కుడి చేతి రెండు వేళ్ల మీద బొబ్బలు. మనుషులు క్షేమం.

నువ్వు వెచ్చగా అని రాశావు. దాన్ని నేను ఎత్తిచూపను. వేడిని బంధిస్తే ఏమవుతుందో ముప్ఫై ఎనిమిదేళ్లు పిల్లలకు చెప్పినది నేను. ఉన్ని వేడిని పోనివ్వదు కనుకనే మనం గుడారం మీద కప్పుతాం. ఆ పాఠం నల్లబల్ల మీద చెప్పి, నా సొంత దొంతర మీద మరిచాను. తప్పు మొత్తం నాది.

నూట ఎనభై ఒక్క బెజ్జాలయ్యాయి. రెండు వందల ముప్ఫై ఒకటి మిగిలాయి. అవి మిగిలే ఉంటాయి. గొర్రెలకాపరి ఒకడు కొట్టాల వైపు వెళ్తుంటే, గుడారం అమ్మేయమని మీ నాన్నకు కబురు పెట్టాను. ఒక తరగతి గదిని తగలబెట్టబోయిన టీచరు మళ్లీ సుద్దముక్క పట్టకూడదు.

పదకొండున చేర్చినది: కనుమ తెరిచారు. నీ ఏడో తేదీ ఉత్తరం ఇప్పుడే, తుర్దుబెక్ ఎదుటే చదివాను. డ్రిల్లు అతనితోనే తిప్పి పంపుతున్నాను. ఈసారి అందులో ఏముందో నిజం చెప్పాను.

మీ నాయనమ్మ

బిష్కెక్, మార్చి 14

నాయనమ్మా,

నీ వేళ్లు ఎలా ఉన్నాయి? ముందు అది రాయి.

పెట్టె విప్పి డ్రిల్లు చూసి కొట్లోనే ఏడ్చాను. "ఎత్తిచూపను" అని రాశావు, అది చాలదా? నా మీద కోపం ఉంటే తిట్టు. నువ్వు తిట్టకపోతే నాకు భయం.

నేనూ ఒకటి చెప్పాలి. ఏడో తేదీన ఎవరూ దొరక్క నాన్నకు ఫోను చేశాను. కొండెక్కినప్పుడు ఆయన ఫోను అందుతుంది కదా. బాటరీ, డ్రిల్లు, పందెం, అన్నీ చెప్పేశాను. "సరే" అన్నాడు. ఆ ఒక్క మాటే. మాట తప్పాను నాయనమ్మా, కానీ మళ్లీ అలా అయితే మళ్లీ చెప్తాను.

ఇంకో సంగతి. నువ్వు ఏడో తరగతిలో స్పిరిటు దీపం ఒలకబోసి బల్ల అంటించిన పిల్లాడి కథ నాకు వందసార్లు చెప్పావు. వాణ్ణి ప్రయోగశాల నుంచి తరిమేశావా? మర్నాడు వాడి చేతే అందరికీ దీపం వెలిగించడం చెప్పించావు. ఆ న్యాయం నీకు మాత్రం వర్తించదా?

డ్రిల్లు తిరిగి పంపుతున్నాను. రెండు కొత్త బాటరీలు, ఒక ఇనుప పళ్లెం. నా అడ్డదిడ్డం ఉత్తరాల బదులు, ఈసారి మా యజమాని చదివి చెప్తుంటే చైనా పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా మన భాషలోకి రాసి పెట్టాను, ముప్ఫై ఒక్క పేజీ. ముఖం లేని మనిషికి ముఖం కూడా గీశాను.

అమ్మొద్దు నాయనమ్మా.

బెగాయిమ్

నారిన్ లోయ, మార్చి 30

బెగాయిమ్,

వేళ్లు మానాయి. కనుబొమ్మ సగం వచ్చింది. నీ మీద నాకు కోపం లేదు, ఎప్పుడూ లేదు. ఎత్తిచూపను అంటే ఎత్తిచూపనని అర్థం. ఏడో తేదీన నువ్వు మాట తప్పి మంచి పని చేశావు. ఇంకెప్పుడూ ఏడుస్తూ కొట్లో నిలబడకు, సరుకు కొనేవాళ్లు భయపడతారు.

మీ నాన్న గొర్రెల ఈతల మధ్య తెరిపి చూసుకుని, ఇరవై మూడున గుర్రం మీద వచ్చాడు. నేరుగా గదిలోకి వెళ్లి, దొంతర ఉండే చోట గోడ మీది మసి చూశాడు. నేను టీ పోశాను.

"అమ్మా, నీకేమైనా అయ్యుంటే?" అన్నాడు.

"అవలేదు. మూడు బొంతలు పోయాయి. తప్పు నాది."

"నేను బొంతల గురించి అడగట్లేదు."

అని కొట్టంలోకి పోయాడు. గంటసేపు రాలేదు. వెళ్లి చూద్దును కదా, పూర్తయిన బద్దలన్నీ వరసగా గోడకు ఆనించి, ఒక్కో బెజ్జంలో చిటికెనవేలు పెట్టి చూస్తున్నాడు. "ఇవి నిజంగా నువ్వే వేశావా? నాన్న కూడా ఇంత తిన్నగా వేసేవాడు కాదే" అన్నాడు. అప్పుడు తల వంచుకుని అసలు సంగతి చెప్పాడు. గొర్రెలకాపరి తెచ్చిన కబురు అందగానే, ఎసెన్‌కు గుడారం ఇస్తానని మాట ఇచ్చేశాడు. చెయ్యి కలిపాడు. ఎసెన్ ఏప్రిల్ ఇరవై అయిదున లారీ తెస్తాడు.

నేను కబురు పెట్టాను, వాడు నా కబురు పాటించాడు. అనడానికి ఏముంది? ఇచ్చిన మాటను వదిలే హక్కు పుచ్చుకున్నవాడిదే, ఇచ్చినవాళ్లది కాదు.

మర్నాడు నీ డ్రిల్లు వచ్చింది. ముప్ఫై ఒక్క పేజీలూ చదివాను. పధ్నాలుగో పేజీలో రెండు అక్షర దోషాలు. చదివాక ఒక నిర్ణయానికి వచ్చాను: అమ్మితే అమ్ముతాం, కానీ విరిగిన ఇంటిని నేను ఎవరికీ అప్పగించను. నాలుగు వందల పన్నెండూ పూర్తిచేసే ఇస్తాను. మీ నాన్నకు చెప్తే, "అయితే నేనూ వేస్తాను ఒక చెయ్యి" అని డ్రిల్లు లాక్కుని, పొడుగు చేతుల కోటుతో, వట్టి కళ్లతో, బద్దను మోకాలి మీద పెట్టుకుని మొదలుపెట్టబోయాడు. బాటరీ పీకేశాను.

"అమ్మా! నలభై ఆరేళ్లొచ్చాయి నాకు!"

"వేళ్లు మాత్రం పదే. కోటు విప్పు. అద్దాలు పెట్టు. క్లాంపు బిగించు."

బతీష్ గుమ్మంలోంచి, "వాడికీ ఒక తలపాగా చుట్టక్కా, అందంగా ఉంటాడు" అంది. వాడు నవ్వాడు. అక్టోబరులో నవ్విన నవ్వు కాదది.

ఇప్పుడు బాటరీ నేల మీద, ఇనుప పళ్లెంలో, నా కుర్చీకి ఎదురుగా ఉంటుంది. నిండేదాకా లేవను. మూడు వందల నాలుగు పూర్తయ్యాయి.

మీ నాయనమ్మ

బిష్కెక్, ఏప్రిల్ 5

నాయనమ్మా,

పధ్నాలుగో పేజీ దిద్దుకున్నాను.

ఎసెన్‌తో నేను మాట్లాడనా? మా కొట్లోనే సరుకు కొంటాడు. రెండేళ్లు జీతంలో దాచి గుడారం నేనే తిరిగి కొంటానని చెప్తాను. ఒప్పుకుంటాడేమో! నువ్వు సరే అంటే రేపే.

బెగాయిమ్

నారిన్ లోయ, ఏప్రిల్ 9

బెగాయిమ్,

వద్దు. బతిమాలి విడిపించుకున్న మాట, విడిపించుకున్నట్టు కాదు. నీ చదువుకు దాచుకో.

మూడు వందల తొంభై.

మీ నాయనమ్మ

నారిన్ లోయ, ఏప్రిల్ 27

బెగాయిమ్!

కూర్చుని చదువు. నేను నిలబడి రాస్తున్నాను, కూర్చోలేక.

ఇరవై అయిదు ఉదయానికి పెరట్లో గుడారం నిలబెట్టాం. ఆరు గోడలూ తోలు ముడులతో ఒకదానికొకటి కట్టి, కప్పు చక్రం ఎత్తాం. ఉన్ని ఇంకా కప్పలేదు. ఎండ పడితే నేలంతా గళ్లు గళ్లు. మీ నాన్న మధ్యలో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు. వాడి ముఖం గురించి ఒక్క మాట వదలకుండా రాయమన్నావు. రాయడానికి మాట లేదు. ముక్కు మాత్రం రెండుసార్లు తుడుచుకున్నాడు.

పదిన్నరకు ఎసెన్ లారీ వచ్చింది. వాడు నా దగ్గర నాలుగేళ్లు చదివాడు, తూనికలు కొలతలు ఎప్పటికీ రాలేదు. వెంట ఒక పనివాడు. ఎసెన్ గుడారం చుట్టూ తిరుగుతున్నంతలో ఆ పనివాడు తన డ్రిల్లు తీసి, బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట మరమేకు పెట్టి బిగించడం మొదలుపెట్టాడు. మొదటి మేకు కసుక్కున దిగింది. నా ఒంట్లోకి దిగినట్టయింది.

"ఆపు!" అన్నాను. లారీలోని కుక్క కూడా ఆగింది.

"గట్టిగా ఉంటుంది పెద్దమ్మా" అన్నాడు. "మా విడిదిలో అన్నిటికీ ఇలాగే కొట్టాం. గాలికి కదలవు."

"ఎసెన్, ఇలా రా. మీ విడిదిలో ఏటా ఎన్ని బద్దలు విరుగుతున్నాయి?"

వాడు గొంతు సవరించుకున్నాడు. "అయిదు గుడారాలు టీచరమ్మా... ఏటా పాతిక, ముప్ఫై. కర్ర మంచిది రావట్లేదు ఈ రోజుల్లో."

"కర్రకేం రోగం లేదు. గాలి తోసినప్పుడు ఈ గోడ కొంచెం వంగాలి, తర్వాత తన చోటికి రావాలి. తోలు ముడి దాన్ని కదలనిస్తుంది. మేకు కదలనివ్వదు. కదలలేనిది ఏం చేస్తుంది?"

ఎసెన్ నేల చూపులు చూశాడు. నలభై ఏళ్ల మనిషి, తరగతిలో లేచి నిలబడ్డట్టు నిలబడ్డాడు. "విరుగుతుంది" అన్నాడు.

"కూర్చో. ఈసారి సరిగ్గా చెప్పావు."

నేను మేకు వెనక్కి తీసి, చీలిన బద్ద విప్పి, దాని స్థానంలో వడ్రంగి అదనంగా ఇచ్చిన బద్దను క్లాంపుకు బిగించి, వాళ్ల కళ్ల ముందే పదకొండు బెజ్జాలు వేశాను. తలపాగా, అద్దాలు, అన్నీ ఉన్నాయి. పనివాడు దగ్గరగా వంగబోతే వాడి మెడలోని కండువా తీయించాను. ఎసెన్ ఒక్కో బెజ్జంలోంచి అవతలికి చూశాడు. లేచి మీ నాన్నను పక్కకు తీసుకెళ్లాడు. ఏదో అన్నాడు, మీ నాన్న తల అడ్డంగా ఊపి, "ఆవిడనే అడుగు, నాకు ధైర్యం లేదు" అనడం వినపడింది.

వచ్చి అన్నాడు: "టీచరమ్మా, నాకు గుడారం వద్దు. మీరు కావాలి. ఈ వేసవి పైకి వచ్చి నా అయిదింటినీ బాగుచేసి, మా వాళ్లకు ఈ పని నేర్పండి. మీ గుడారం మీదే, విడిది పక్కన ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోండి. మీ అబ్బాయి జుమాదిల్ ఇచ్చిన మాట అతనికి వదిలేశాను, ఇంతమంది ఎదుట."

"నా దగ్గర నేర్చుకునేవాళ్లు నేను చెప్పినట్టు వినాలి" అన్నాను.

"నాకు తెలియదా టీచరమ్మా?" అన్నాడు, చెవి తడుముకుంటూ.

బతీష్ అప్పటికే టీకి నీళ్లు పెట్టి, తన బట్టల మూట కట్టుకోవడానికి ఇంటికి పరుగెత్తింది. దాన్ని ఎవరూ పిలవలేదు.

మీ నాయనమ్మ

సోన్-కోల్ సరస్సు, జూన్ 14

బెగాయిమ్,

మేము వచ్చి తొమ్మిది రోజులయింది. రెండో రోజు పెద్ద గాలి వచ్చింది. ఎసెన్ గుడారాల్లో నాలుగు బద్దలు విరిగాయి, మనదాంట్లో ఏదీ విరగలేదు. ఆ మర్నాటి నుంచి పొరుగు విడిదుల వాళ్లు కూడా బద్దలు మోసుకుని వస్తున్నారు. నా బల్ల దగ్గర ఇప్పుడు ఏడుగురు, అందులో నలుగురు ఆడవాళ్లు. మీ నాన్న రోజూ మధ్యాహ్నం మంద వదిలి వచ్చి వెనక వరసలో నిలబడతాడు, గొర్రెలు చూసుకోమని తిట్టి పంపిస్తున్నాను. బతీష్ బిట్లు పంచుతుంది, బాటరీల దగ్గర కూర్చుంటుంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు. తనను సహాయ ఉపాధ్యాయిని అని పిలవాలట.

ఎనిమిది మిల్లీమీటర్ల బిట్లు ఆరు పంపు. కళ్లద్దాలు పది. నువ్వు రాసిన పుస్తకానికి అయిదు నకళ్లు తీయించు, పధ్నాలుగో పేజీ దిద్దిన తర్వాతే.

సరస్సు ఈ ఏడు ఎలా ఉందని అడుగుతావు. నీళ్లు బాగా ఉన్నాయట, బాతులు కూడా వచ్చాయట. వాళ్లూ వీళ్లూ చెప్తున్నారు. గుమ్మం నుంచి మూడు వందల అడుగులు ఉండదు, ఇంకా వెళ్లి చూడనే లేదు. తీరిక చిక్కడం లేదు.

మీ నాయనమ్మ
ఉమ్సునాయ్